పనస చెక్క మెలి

మా ఆయన ఎబినేజర్‌కు కుడి భుజం ఆపరేషనయి నలభై రోజులు. ఇంకోసారి చిత్రిక పడితే ఆ చెయ్యి ఇక పైకి లేవదని అమలాపురంలో డాక్టరుగారు తేల్చి చెప్పారు. ఈయన మాత్రం పథ్యంలో ఉన్న మనిషి పులస కూర వంక చూసినట్టు తన వడ్రంగి సామాన్ల పెట్టె వంకే చూస్తూ కూర్చున్నారు.

ఎలీసమ్మ టీచరుగారి పెరట్లో గాలివానకు కూలిన పనస నుంచి కోయించిన చెక్క ఒకటి మా షెడ్డుకు వచ్చింది. చర్చిలో పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పుల్పిట్ ముందు భాగానికి, ఆదివారంలోగా కావాలి. ఇలాంటిది మరొకటి లేదు. పైగా మెలి తిరిగి ఉంది. నేలమీద పెట్టి ఒక మూల నొక్కితే ఇంకో మూల లేచి టక్కుమంటోంది.

మెలి ఎప్పుడూ ఆయన చేత్తోనే తీసేవారు. షెడ్డులో ఉన్న ప్లేనర్ మిషను మందం మాత్రమే తగ్గిస్తుంది. రోలర్లు చెక్కను అదిమిపట్టి చెక్కుతాయి, వదిలాక మెలి మళ్ళీ వచ్చేస్తుంది. అందుకని ఫోనులో చూసి, చదునైన ప్లైవుడ్ పీట మీద చెక్కను పెట్టి, లేచిన మూలల కింద చీలికలు దూర్చి, పీటతో సహా మిషన్లోకి పంపాను.

చేతికందింది కదా అని పచ్చి కొబ్బరి మట్ట చీల్చి చీలికలు చేశాను. రోలర్ల కింద అవి పిప్పి అయిపోయాయి. చెక్క బయటికొచ్చి మళ్ళీ టక్కుమంది. పావంగుళం మందం దండగ. అంగుళం కన్నా తగ్గితే ఇక పనికిరాదు.

"పచ్చి మట్ట పెట్టేవా జాస్మిన్? తప్పుకో, నేను చిత్రికతో రెండు పట్లు పడతాను," అంటూ లేచారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మిషను అవతల చెక్కను అందుకోవడానికి పెట్టిన బల్లను ఈడ్చుకొచ్చి, సామాన్ల పెట్టెకు అడ్డంగా వేశాను.

"ముందు ఈ బల్ల లాగి, అప్పుడు చిత్రిక తియ్యండి!"

ఆయన బల్ల వంక చూసి మళ్ళీ కూర్చున్నారు. "ఎండిన టేకు ముక్కలు పెట్టు. మధ్యలో కూడా. మేకు కొట్టకు, జిగురు పెట్టు," అన్నారు.

అలాగే చేశాను. బల్లను మాత్రం కదపలేదు. ఆయన మీద నాకు నమ్మకం లేదు మరి. ఇటు నుంచి నెట్టడం, అటు పరుగెత్తి అందుకోవడం. నాలుగుసార్లు బాగానే జరిగింది. అయిదోసారి చెక్కపొట్టు మీద కాలు జారి బోర్లా పడ్డాను.

తలెత్తేసరికి చెక్క పీటతో సహా అవతలికి ఒరిగిపోతోంది. ఆయన అప్పటికే దాని పక్కన ఉన్నారు. కుడిచెయ్యి చాచారు.

"వద్దండీ!"

చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చెక్క దభీమని నేల మీద పడింది. మూల విరిగింది.

మిషను ఆపి, ముందు ఆయన భుజం తడిమి చూశాను. ఆయన వంగలేదు. కాలితోనే పీటను పక్కకు నెట్టి, చెక్క మిగిలిన మూలలు ఒక్కొక్కటే తొక్కి చూశారు. ఎక్కడా చప్పుడు లేదు, మెలి పోయింది.

"టీచరుగారికేం చెబుదామండీ?" అన్నాను.

"మూల నావల్లే విరిగిందని చెప్పు. అందుకోగలిగేవాణ్ణే, వదిలేశాను." ముప్ఫయ్యేళ్ళుగా ఒక్క చెక్కనూ కింద పడనివ్వని మనిషి.

"ఆయ్, చెబుతానండీ," అన్నాను. ఏడుపు ఆగలేదు. అప్పుడు వెళ్ళి బల్లను పెట్టె ముందు నుంచి తీసేశాను.