నొప్పి తెలియని చోట

హులిగమ్మ పత్తి బస్తాల మీద నుంచి పడింది. హాలహర్వి దగ్గర కూలికి పోయి తిరిగి వస్తుంటే ట్రాక్టర్ చక్రం గుంతలో దిగబడి ట్రాలీ ఒరిగింది. పైన కూర్చున్న మిగతా ఆడవాళ్ళు కంపచెట్ల మీద పడి ముళ్ళు గీరుకుని బయటపడ్డారు. ఆమె రాళ్ళ మీద వెల్లకిలా పడింది. లేవబోతే కాళ్ళు ఉన్నట్టే తెలియలేదు. కర్నూలులో వెన్నుకు ఆపరేషన్ చేసి కమ్మీలు వేశారు. నడుము కింద ఇక స్పర్శ రాదని చెప్పి, కుట్లు మానేవరకు ఉండమని ఆదోని ఆసుపత్రికి పంపారు.

భర్త జయరాం కొన్నాళ్ళు వార్డులో ఉన్నాడు. మలమూత్రాలు ఎత్తడం తన వల్ల కాదని మామ నరసప్పకు ఫోన్ చేశాడు. నరసప్ప చిన్న కూతురు వనజ అప్పటికి ఆదోనిలోనే పత్తి మిల్లులో పని చేస్తోంది. తండ్రి చెప్పగానే పని మాని అక్క దగ్గరికి వచ్చింది.

ఆ వార్డులో మమత అనే నర్సు ఉండేది. ఎమ్మిగనూరులో మగ్గాలు నేసే ఇంటి పిల్ల, రోజూ బస్సులో వచ్చి పోయేది. వనజకు పని నేర్పింది ఆమే.

"రొట్టెను పెనం మీద ఒకే పక్క ఇడిస్తే ఏమైతాది?" అని అడిగింది మొదటి రోజు.

"మాడుతాది సిస్టర్."

"మీ అక్క ఒళ్ళు గూడ అంతే. మనకైతే తిమ్మిరెక్కితే మనమే కదులుతాం. ఆమెకు తెల్దు. రెండు గంటలకోసారి నువ్వే తిప్పల్ల. ఒక పారి ఎడమకు, ఒక పారి కుడికి. ఎముక పొడుసుకొచ్చే సోటంతా సూస్తాండల్ల, మడిమెలు, తుంట్లు, నడుం కింద. ఎర్రగ కనపడితే ఇంగ దాని మీద పండబెట్టొద్దు."

వనజ చురుకైనది. దుప్పటి పట్టుకుని అక్క నడుము మెలిపడకుండా ఒక్క ఊపున తిప్పడం, మోకాళ్ళ మధ్య దిండు పెట్టడం, మూత్రం గొట్టం మడతపడకుండా సంచిని మంచం కంటే కిందికి వేలాడదీయడం, అన్నీ నేర్చుకుంది. అక్కను హొళగుంద దగ్గరి బావ పల్లెకు తీసుకొచ్చి తనూ అక్కడే ఉండిపోయింది. నెలలు గడిచినా అక్క ఒంటి మీద ఒక్క మచ్చ పడలేదు.

హులిగమ్మ కూడా అప్పుడు తేటగానే ఉండేది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని ఒళ్ళు పైకి లేపేది. మంచంలోనే మిరపకాయల తొడిమలు తీసేది. చేతులు బాగా గట్టిపడ్డాయి. "కాళ్ళ బలమంతా ఈడికొచ్చినాది సూడు" అని దండచెయ్యి చూపించి నవ్వేది.

ఆమెకు పిల్లలు లేరు. జయరాం తల్లి ఈరమ్మ ఆ మాట ఎత్తడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నరసప్పను పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టింది.

"నా కొడుక్కు వయసేమంత అయిపాయనప్పా? ఇంగో పెండ్లి సేస్తాం. పరాయిది వస్తే నీ పెద్దకూతురును బయట పారేస్తాది. తోడబుట్టినదైతే సూసుకుంటాది. ఆలోసన సెయ్యి."

నరసప్ప ఎక్కువ ఆలోచించలేదు. వనజకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. ఆమె కూడా వద్దని చెప్పలేదు. బావ పొలం నుంచి వస్తూ ఒకసారి మల్లెపూలు తెచ్చి తన చేతికిచ్చిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. హులిగమ్మను పొరుగామెకు అప్పజెప్పి, మొక్కు ఉందని చెప్పి, అందరూ ఉరుకుంద గుడికి పోయి వనజకు తాళి కట్టించుకుని వచ్చారు.

సాయంత్రం కొత్తచీరలో, పసుపుతాడుతో వనజ నడింట్లోకి వచ్చింది. హులిగమ్మ తల తిప్పి ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు.

"తిప్పే పొద్దు దాటిపాయ. వచ్చి తిప్పు" అంది.

ఆ ఇంటికి ఒక నడిల్లు, దాని వెనక ఒక చిన్న గది. మధ్యలో తలుపు లేదు, చీర గుడ్డ కట్టి ఉంటుంది. హులిగమ్మ మంచం నడింట్లో. నడుము కింద ఏమీ తెలియకపోయినా చెవులు బాగానే పనిచేసేవి. గొట్టం సంచి నిండిందని పిలిచేది. దాహమని పిలిచేది. వనజ చీర సర్దుకుంటూ వచ్చేలోపు దాహం తీరిపోయిందనేది. జయరాం లోపలి నుంచి "సావనూ సావదు, బతకనూ బతకదు" అని గొణిగేవాడు. అది కూడా ఆమెకు వినబడేది.

పుండు మొదలైంది వనజ తప్పు వల్లే. కడుపుతో ఉంది, వాంతులు. కొన్ని రాత్రులు మెలకువ రాలేదు. అక్క పిలవలేదు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే నడుము కింద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ, దాని మధ్యలో తడి కనిపించింది. ఆటోలో వేసుకుని ఆదోనికి పోయారు.

మమత కట్టు కట్టి, వనజ మీద మండిపడింది. "ఇంత బాగ సూసుకుంటివి, ఇప్పుడేమొచ్చినాది నీకు? పెండ్లయితే అక్క బరువైపాయనా?"

వనజ తల వంచుకుంది. హులిగమ్మ పక్కకు తిరిగి పడుకుని వింటూ ఉంది.

"పుండు ఎట్లుందో నాకు సూపియ్యి సిస్టర్" అంది.

మమత తన ఫోనులో ఫొటో తీసి ముందు పెట్టింది.

"ఇది నాదా?"

"నీదే."

"ఇంతుంటే నాకు నొప్పి ల్యాకపాయనే" అని హులిగమ్మ చాలాసేపు చూసింది. పక్కన వనజ కళ్ళు తుడుచుకుంటూ ఉంటే ఆమె ముఖం కూడా అంతసేపూ చూసింది.

ఇంటికి వచ్చాక వనజ మళ్ళీ పాతలాగే పట్టుదలతో పని చేసింది. గడియారం చూసి తిప్పేది. మమత ఇచ్చిన మందునీళ్ళతో కడిగి గాజుగుడ్డ పెట్టేది. వెల్లకిలా అస్సలు పడుకోబెట్టేది కాదు. అయినా పుండు మానలేదు. బిళ్ళంతది అరచేయంత అయింది, అంచులు నల్లబడ్డాయి. వీధిలో ఎవరు పలకరించడానికి వచ్చినా హులిగమ్మ తనే చీర పక్కకు లాగి చూపించేది.

"సూడండమ్మా, నా సెల్లెలు నన్ను ఎట్ల సూసుకుంటాందో."

చూసినవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. బోరింగు దగ్గర వనజ బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు జరుపుకునేవాళ్ళు. "మొగుణ్ణి తీసుకునె, ఇంగ ప్రాణం గూడ తీస్తాది" అని ఆమెకు వినబడేలాగే అనేవాళ్ళు. ఈరమ్మ ఆ మాటలకు అడ్డు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం వనజ అక్కను ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, బట్టలు ఉతకడానికి పోయింది. సబ్బు మరిచిపోయి వెనక్కి వచ్చింది. వాకిట్లో నుంచే చూసింది. హులిగమ్మ దూలం తాడు పట్టుకుని, రెండో చేత్తో దిండు లాగి కింద పారేసి, పంటి బిగువున ఒళ్ళు ఈడ్చి వెల్లకిలా పడింది. పుండు మీద పడేదాకా అటూ ఇటూ జరిగింది. సరిగ్గా పడ్డాక ఊపిరి వదిలి, కళ్ళు మూసుకుంది.

వనజ లోపలికి పోలేదు. సబ్బు లేకుండానే బట్టలు జాడించి ఆరేసింది.

ఆ రోజు నుంచి ఆమె తిప్పడం మానేసింది. అన్నం పెట్టేది, ఒళ్ళు తుడిచేది, సంచి ఒంపేది, కట్టు మార్చేది. తిప్పేది మాత్రం కాదు. తాడు అలాగే ఉంచింది. హులిగమ్మ కొన్నాళ్ళు ఏమీ అడగలేదు. తర్వాత ఒకసారి, అన్నం కలుపుతున్న చెల్లెల్ని చూస్తూ అంది.

"తిప్పవేమే?"

"నీకు సేతులుండాయి గదక్కా" అంది వనజ, తలెత్తకుండా ముద్ద నోటికి అందిస్తూ.

హులిగమ్మ ఆ ముద్ద తినింది. తర్వాత ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

చలికాలం వచ్చేసరికి ఇల్లంతా వాసన పట్టింది. జయరాం మంచం అరుగు మీదికి మార్చుకుని, వాకిలి తలుపు మూసేయమన్నాడు. హులిగమ్మకు చలిజ్వరం వచ్చి, పళ్ళు పటపటలాడి, మాట తడబడ్డ రోజున గానీ అంబులెన్సుకు ఫోన్ చేయలేదు.

ఆదోని వార్డులో కట్టు విప్పి చూసి మమత ఒక్క క్షణం ముఖం పక్కకు తిప్పుకుంది. డాక్టరు కుళ్ళిన కండ కత్తిరించి తీశాక లోపల ఎముక తెల్లగా కనబడింది. మమత రోగిని కుడి పక్కకు పడుకోబెట్టి, మంచం తల వైపు తగ్గించి పోయింది. తిరిగి వచ్చేసరికి హులిగమ్మ మంచం అంచు కమ్మీ పట్టుకుని వెల్లకిలా దొర్లుతూ కనిపించింది.

మమత దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏం సేస్తాండావు?"

హులిగమ్మ చేయి వదల్లేదు.

"ఇన్నాళ్ళూ నువ్వే సేసుకుంటాంటివా?"

"నాకు నొప్పి ల్యాదు గద సిస్టర్" అంది హులిగమ్మ. "నాకు నొప్పి ల్యాని సోట ఆమెకు నొప్పి పెడ్తాండాను. నా సేతనయ్యేది ఇంగేముంది?"

మమత వనజను కుళాయి దగ్గర పట్టుకుంది. నిండు నెలల కడుపుతో అక్క బట్టలు పిండుతోంది.

"వనజా, నేను నిన్ను అనరాని మాటలంటిని. మీ అక్క తనే..."

"తెలుసు సిస్టర్."

"తెలిసీ ఎందుకు సెప్పలేదు? నాకన్నా సెప్పింటే ఏదో ఒకటి సేస్తాంటిమి గదా."

వనజ తడిబట్టను దులిపి తీగ మీద వేసింది. "సెప్తే ఎవరు నమ్ముతారు? నేనూ తిప్పేది ఇడిసిపెట్టినా సిస్టర్. ఆమె సేసేది సూసినంక ఒక్కసారి గూడ తిప్పలా."

మమత వార్డులోకి వచ్చి కాసేపు మందుల బల్ల సర్దింది. మధ్యాహ్నం జయరాం వస్తే అతన్ని పక్కకు పిలిచి జరిగినదంతా చెప్పింది. అతను గోడకు ఆనుకుని విన్నాడు.

"ఆడోళ్ళ జగడాలు నాకెందుకు సిస్టర్" అన్నాడు. "ఎప్పుడు పోతాదో అది సెప్పండి. వనజకు సూస్తే నెలలు నిండినాయి."

విషం రక్తంలోకి ఎక్కిందని డాక్టరు చెప్పిన రోజు హులిగమ్మ భయపడింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె ముఖంలో ఆ భయం లేదు. చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"తిప్పుమే వనజా. ఇంగ తిరగను. నువ్వెట్ల పండబెడితే అట్లనే ఉంటా."

వనజ దుప్పటి అంచు పట్టుకుంది. కడుపు మంచానికి ఒరుసుకుంటూ ఉండగా, ఒక్క ఊపున, మెలిపడకుండా తిప్పింది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. హులిగమ్మ అన్నట్టే కదలకుండా పడుకుంది. ప్రతిసారీ అలాగే తిప్పించుకుంది. కానీ జ్వరం దిగలేదు.

చివరకు నరసప్ప, ఈరమ్మ, పల్లె నుంచి మరో నలుగురైదుగురు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. నరసప్ప వంగి కూతురి నుదురు తాకాడు.

"ఎట్లయిపాయనమ్మా నీకు ఈ గతి?"

వనజ కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. హులిగమ్మ వాళ్ళందర్నీ దాటి చెల్లెలి వైపు చూసింది. పెదవులు ఎండి అతుక్కుపోయాయి.

"నాకు అంతా నా సెల్లెలే సేసెనప్పా" అంది.

ఆ మాట మెచ్చుకోలో, నేరం మోపడమో వనజకు ఎప్పటికీ తెలియలేదు. మిగిలినవాళ్ళకు మాత్రం ఏ అనుమానమూ లేదు. నరసప్ప చిన్న కూతురి ముఖం చూడకుండా బయటికి నడిచాడు. మమత అతని వెనకే రెండడుగులు వేసి, ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తోచక ఆగిపోయింది.

తెల్లవారేసరికి హులిగమ్మ పోయింది. పల్లెలో శవానికి నీళ్ళు పోసేటప్పుడు వనజ చెంబు అందుకోబోతే ఈరమ్మ ఆమె చేతి మీద కొట్టింది. "సేసింది సాలు" అంది. వనజ గోడవారగా కూర్చుంది. ఆ పూటే నొప్పులు మొదలయ్యాయి.

ఆడపిల్ల పుట్టింది. పోయిన పెద్దభార్య పేరు పెట్టకపోతే ఆమె ఇంటిని పట్టి పీడిస్తుందని ఈరమ్మ పట్టుబట్టింది. జయరాం సరేనన్నాడు. పేరు పెట్టే రోజుకు నరసప్ప రాలేదు. వనజను ఎవరూ అడగలేదు.

ఆమె చాలాకాలం బిడ్డను "పాపా" అని మాత్రమే పిలిచేది. బిడ్డ పాకుతూ వాకిలి దాటబోతున్నప్పుడు ఒకరోజు అలాగే పిలిస్తే, అరుగు మీద కూర్చున్న ఈరమ్మ జొన్నలు చెరగడం ఆపింది.

"పేరు ల్యాదా దానికి? పేరు పెట్టి పిలువు."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూశారు. బిడ్డ గడప మీద చేతులానించి ఆగింది. వనజ "హులిగమ్మా, రా" అని పిలిచింది. బిడ్డ వెనక్కి తిరిగి, నవ్వుతూ ఆమె వైపు పాక్కుంటూ వచ్చింది.