పడుగు పరిచిన రోడ్డు

మా అత్త కొమురమ్మకు తారురోడ్డు మీద మోజు పుట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లో, అదీ ఒక బంద్ రోజున. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న కాలం. ముందురోజు షాపులో చీరలు అప్పజెప్పేసరికి బస్సులు ఆగిపోయాయి. సైదాబాద్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో పడుకుని, తెల్లారాక నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. ఎప్పుడూ కాలు పెట్టే సందు దొరకని ఆ మెయిన్ రోడ్డు మీద ఒక్క బండి లేదు. షాపుల షటర్లన్నీ దించి ఉన్నాయి. ఏ మూల నుంచి రాయి వస్తుందో, ఏ మూల నుంచి లాఠీ వస్తుందో అని నాకు గుండెల్లో దడ. ఆవిడ మాత్రం నడిరోడ్డున నిలబడి, వంగి, అరచేత్తో తారును నిమిరింది.

"ఎంత నున్నగున్నదే పిల్లా! ఒక్క రాయి లేదు, జర దుమ్ము లేదు. గిట్లాంటి జాగ మనకుంటే ఎన్ని పడుగులు పర్సుకోవచ్చు!"

"అత్తా, ఇది రోడ్డు. బండ్లు తిరగనీకి ఏసిండ్రు" అన్నాను.

"ఏవీ బండ్లు? సూపియ్యి!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ రెక్క పట్టుకుని రోడ్డు పక్కకు లాగాను.

మేం పోచంపల్లి వైపు నేతగాళ్లం. ఎల్బీనగర్ దాటి నాదర్‌గుల్ వైపు పోయే దిక్కున, ప్లాట్లకూ చెలకలకూ మధ్య మగ్గాలున్న ఇళ్లు ఓ పది ఉండేవి, మాదీ అందులో ఒకటి. ఇంటి ముందు మట్టిబాట. పడుగంటే మగ్గానికెక్కే నిలువు దారాలు. ఎక్కించే ముందు వాటిని బాట పొడుగునా సాగదీయాలి. రెండు కొసలా గుంజలు పాతి, తాళ్లతో బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోగా ఆరబెట్టాలి. ఈ పని ఇంట్లో కాదు. అంత పొడుగు ఇల్లు ఏ మహారాజుకీ లేదు. కాబట్టి మాకు సగం కార్ఖానా ఇంట్లో, సగం బాట మీద. ఆ బాట పోతే మా అత్త పని పోయినట్టే, పని పోతే ఆవిడ పోయినట్టే. డెబ్బై ఏళ్లకు దగ్గర పడుతున్నా పడుగు బిగువు ఎవరి చేతికీ ఒదిలేది కాదు.

బాటకు తారు వేయించాలని పట్టుబట్టింది కాలనీ సంఘం అధ్యక్షుడు జోగారావు గారు. గుడివాడ వైపు మనిషి, బ్యాంకులో చేసి దిగిపోయాడు. ఒకరోజు అందరినీ వాళ్ల మేడ మీదకు పిలిచాడు.

"చూడండమ్మా, వానాకాలం మీ వీధిలోకి అంబులెన్సు రాగలదా? స్కూలు బస్సు రాగలదా? రోడ్డు పడిందంటే చీరలు కొనేవాళ్లు కార్లేసుకుని మీ గుమ్మంలోకే వస్తారండీ" అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధమని నేననను. మోకాటి లోతు బురదలో చీరల మూట నెత్తిన పెట్టుకుని తిరిగింది నేనే. అయినా నా నోరు ఊరుకోదే!

"సారూ, రోడ్డుకు తలుపుండదు. మనం పిల్చినోళ్లే రారు. సాగర్ రోడ్డుకెల్లి నాదర్‌గుల్ పోయేటోళ్లందరికీ ఇదే అడ్డదారి అయితది. అప్పుడు మా పడుగులు యాడ పర్సుకోవాలె?"

"నీ నోట్ల శనున్నదే, ఊకో" అన్నాడు మా ఆయన ఆనందం. పేరుకు తగ్గ మనిషి, కొంప మునిగినా పరేషాన్ కాడు. అత్తేమో నన్ను మోచేత్తో పొడిచి, "ఏయించుండ్రి సారూ. నల్లరోడ్డు మీద పడుగుకు దుమ్ము పట్టది" అంది. ఊరంతా రోడ్డంటే నడవడానికి, బండి తోలడానికి అనుకుంటుంటే, మా అత్త మాత్రం దాన్ని తన పడుగు కోసమే వేస్తున్నారనుకుంది. అంత అమాయకత్వం ఒక్క నేతగాళ్లకే ఉంటుంది కాబోలు!

రోడ్డు పడింది. మా గుంజలన్నీ పీకి పక్కన పారేసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తారు పోసి, రోలర్ తిప్పారు. అది చల్లారిన మర్నాడు అత్త గుంజ తెచ్చి సుత్తితో నాలుగు పోట్లు వేసింది. తారులోకి గుంజ దిగలేదు. "ఇదెక్కడి లొల్లి" అని అట్లాగే నిలబడిపోయింది. చివరికి ఒక కొస కరెంటు స్తంభానికి కట్టాం. రెండో కొస దగ్గర స్తంభం లేదు. మా ఆయనా, పక్కింటి మగవాళ్లూ తాడు పట్టుకుని లాగి నిలబడేవాళ్లు. పని మాత్రం, చెప్పొద్దూ, బ్రహ్మాండంగా సాగింది. అత్త ముఖం వెలిగిపోయింది. నన్ను చూసి మూతి తిప్పింది కూడా.

ఆ సంబరం ఎన్నాళ్లు? ముందు ఆటోలొచ్చాయి. హారన్ కొడితే అత్త కుంచె ఎత్తి తిట్టేది, వాళ్లు నవ్వి పక్కనుంచి పోయేవాళ్లు. తర్వాత ఇసుక లారీలు, నీళ్ల ట్యాంకర్లు. ఒకరోజు తడి పడుగు మీద టైరు అచ్చు పడింది. ఇంకోరోజు మా వీధి కుక్క లారీ కింద పడి చచ్చింది, ఆ లారీ ఆగను కూడా ఆగలేదు. పొద్దున్నే పరుద్దామన్నా, ఎంత పొద్దున్న లేచినా మాకంటే ముందే ఏదో ఒక బండి లేచేది. పడుగులు ఇంట్లో మూలకు చేరాయి. అత్త వాకిట్లో కూర్చుని వచ్చే పోయే బండ్లను చూసేది. అన్నం సరిగ్గా తినేది కాదు. నాకు కోపం, జాలి రెండూ. "చెప్తే ఇన్నవా?" అని ఒక్కసారి అన్నాను. ఆవిడ లేచి లోపలికి పోయి, మూలనున్న పడుగు మీది దుమ్ము దులిపింది. మళ్లీ అనలేకపోయాను.

అప్పుడు మళ్లీ బంద్ వచ్చింది. ఈసారి గట్టి బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పూ అన్నారు. మా ఆయనతో సహా వీధిలో మగవాళ్లంతా పొద్దున్నే జెండాలు పట్టుకుని పోయారు. అత్త కళ్లు మెరిశాయి.

"ఇయ్యాల రోడ్డు మనదే. పడుగు తియ్యి."

"కొస పట్టనీకి మొగోళ్లు లేరు గద అత్తా?"

"నేను లేనా?"

జోగారావు గారు కూడా మేడ మీద నుంచి, "పరుచుకోండమ్మా, ఇవాళ ఈగ కూడా వాలదు" అన్నాడు.

పరిచాం. నాకు మనసు ఒప్పలేదు, కానీ ఆవిడ ముఖం చూసి కాదనలేకపోయాను. రెండో కొస తాడును అత్త నడుముకు రెండు చుట్లు చుట్టి ముడివేసుకుంది. వెనక్కి వాలి నిలబడితే పడుగు కంచెలా బిగిసింది. "ఒద్దత్తా, జారి పడ్తవు" అన్నాను. "పొయ్యి దువ్వు" అంది. నేను కుంచె పట్టుకున్నాను. వీధి నిశ్శబ్దంగా ఉంది. కాకి కూడా అరవలేదు.

మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. చౌరస్తా మూస్తే బండ్లు ఆగిపోవు, దారి వెతుక్కుంటాయి. మట్టిబాట అయితే ఎవరూ తొంగి చూసేవాళ్లు కాదు. ఇప్పుడు మాది చక్కటి తారురోడ్డు.

మలుపు తిరిగి సరుకులు మోసే డీసీఎం వ్యాన్ ఒకటి వచ్చింది. వస్తూనే ఒక్క క్షణం నెమ్మదించింది. హమ్మయ్య అనుకున్నాను. కుంచె పైకెత్తి, "ఆపు! ఆపు!" అని అరుస్తూ రోడ్డు మధ్యకు ఉరికాను. నా వెంట, మాతో దువ్వుతున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పడుగు కర్రలు పట్టుకుని ఉరికారు. వ్యాన్ ఆగలేదు. గేరు మార్చిన చప్పుడు వినిపించింది. అది ఇంకా జోరుగా మా మీదికే వచ్చింది.

"అత్తా, ముడిప్పు!" అని వెనక్కి పరుగెత్తాను. ముడి దగ్గర నా వేళ్లు పెట్టేసరికి ఆవిడ నా చెయ్యి నెట్టేసింది. "నన్నేంది, ముందుగాల పడుగెత్తు! ఖరాబైతది!" అని అరిచింది. అంతలోనే వ్యాన్ మమ్మల్ని రాసుకుంటూ పోయింది, ముందు చక్రం పడుగు మీదికెక్కింది. దారాలు చక్రానికి చుట్టుకున్నాయి. అత్త నా చేతుల్లోంచి లాక్కున్నట్టు పోయింది. తారు మీద ఆవిడ ఒళ్లు ఈడ్చుకుపోయిన చప్పుడు నేను ఎవరికీ చెప్పలేను, చెప్పను.

స్తంభం పక్కగా పోయి వ్యాన్ ఆగింది. డ్రైవర్ దిగి పారిపోబోతే పక్కవీధివాళ్లు పట్టుకున్నారు. వాడు గజగజా వణుకుతున్నాడు. "కట్టెలు పట్టుకొని అడ్డమొచ్చిండ్రు, తాళ్లు కట్టిండ్రు. బంద్ చేసేటోళ్లు, బండి కాలవెడ్తరనుకున్నా అక్కా. అందుకే ఆపలే" అని ఏడ్చాడు. వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

అంబులెన్సు చిటికెలో వచ్చింది. చౌరస్తాలో ఉద్యమంవాళ్లు దానికి దారిచ్చారట. మా వీధిలో ఎక్కడా గుంట లేదు, బురద లేదు. జోగారావు గారు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన్ని దాటుకుని నేను అంబులెన్సు ఎక్కాను.

స్ట్రెచర్ పక్కన కూర్చున్నాను. అత్త నడుము మీద తాడు ఇంకా ఉంది. ముడి మాంసంలోకి దిగింది, దవాఖానకు పోయాకే కోయాలన్నారు. మూసారాంబాగ్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లు తెరిచి నా వైపు చూసింది. పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"పడుగు తెగిందా పిల్లా?"

ఒక్క పోగైనా తెగలేదు. చక్రం కింద నలిగి, నెత్తురులో తడిసి, అయినా తెగలేదు.

"తెగలే అత్తా" అన్నాను.

"మంచిగైంది" అంది. ఆ మాటతో ఆవిడ ముఖం తేటపడింది, నిజంగా తేటపడింది. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ పాడు పడుగు ఒక్కసారి, ఒక్కచోట తెగి ఉంటే ఈ ముసల్ది బతికేది గదా అని ఏడుస్తూ కూర్చున్నాను. బండి మాత్రం ఎక్కడా కుదుపు లేకుండా పోతూనే ఉంది.