పల్లకి లేని బోయీలు

దొర హైదరాబాదుకు పారిపోయిన మూడో రోజున ఊరి జనం అతని కోటలాంటి గడిలోకి జొరబడ్డారు. ధాన్యం పంచుకున్నారు. దొర కుర్చీలను వాకిట్లో మంట వేశారు. పెద్ద తలుపును కూడా అందులోకి ఈడ్చుకొస్తుంటే వడ్రంగుల ఇంటి వడ్ల సుగుణమ్మ అడ్డం నిలబడింది.

"గా తలుపు మా తాత చేసింది. కాలనియ్య."

"దానిమీద దొర బొమ్మ ఉన్నది గద!" అన్నాడు దొరకు ఎదురుతిరిగిన రైతుల సంఘం నాయకుడు బుచ్చయ్య.

నిజమే. ఆమె తాత గుర్వయ్య ఏడాదిపాటు వెట్టికి చెక్కిన టేకు తలుపు అది. దొర పల్లకిలో కూర్చుని ఉంటాడు, నలుగురు బోయీలు మోస్తుంటారు. తాత పోయి ఆరేళ్లయింది. ఆయన దగ్గర ఉలి పట్టడం నేర్చింది ఈ మనవరాలొక్కతే.

"దొర సంగతి నాకిడిచిపెట్టు బుచ్చన్నా. నెల రోజులియ్యి."

తలుపును ఇంటికి చేర్చి రంపం పట్టుకుంది. తాత చేతిపనిని కోయడానికి మనసు రాలేదు. తడిగుడ్డతో దుమ్ము తుడుస్తుంటే బోయీల ముఖాలు తేటపడ్డాయి. నాలుగూ వేరువేరు ముఖాలు. ఒకడి కంటి కింద గాటు ఉంది. అలాంటి గాటు ఊళ్లో ఐలేశం ఒక్కడికే ఉంది. ముసలాయన్ను పిలుచుకొచ్చింది.

ఐలేశం చెక్కను వేళ్లతో తడిమాడు. "గిది నేనే బిడ్డా! పక్కపొంటి మా తమ్ముడు. ఇన్నేండ్లు గా తలుపు ముంగట్నే దొరను మోసుకుంట తిరిగిన, ఒక్కనాడు తలెత్తి సూడలే."

ఇక ఆమె చెయ్యి ఆగలేదు. దొరనూ పల్లకినీ ఒకే ముక్కగా కోసి పక్కన పెట్టింది. బోయీల భుజాల మీద మిగిలిన పల్లకి కొయ్యను చెక్కి తీసేసింది. వంగిన నడుములను నిలబెట్టడానికి చెక్క చాలదు. అందుకని వాళ్లను వంగినట్టే ఉంచి, కింద కొత్త పలక అతికి, దున్నిన సాళ్లు చెక్కింది, చేతుల కింద గింజలు చెక్కింది. నలుగురూ ఇప్పుడు తమ చేలో విత్తనం వేస్తున్నారు. బుచ్చయ్య దాన్ని సంఘం బడి గోడకు బిగించాడు.

సెప్టెంబరులో నిజాం రాజ్యంలోకి భారత యూనియన్ సైన్యం వచ్చింది. ఊళ్లమీద పడి దోచిన నిజాం రజాకార్లు పోయారు, కానీ సైన్యం వెనకే దొర కూడా తిరిగొచ్చాడు. సంఘం వాళ్లను సైన్యం వెతికి పట్టుకుంటుంటే బుచ్చయ్య అడవి పట్టాడు. ఒక పొద్దున దొర గుమాస్తా సుగుణమ్మ వాకిట్లోకి వచ్చాడు.

"ఏమే, దొర తలుపును ఏం జేసినవ్?"

ఆమె పల్లకి ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది. "దొరది గింతే. తక్కినది మా తాతది, నాది. కూలియ్యకుంట చేపిచ్చుకున్న పని దొరదెట్లయితది?"

"బడి గోడది పీక్కపోత!"

"పో. గాడ ఐలేశం పెద్దయ్య ఉన్నడు. ఆయన మొకం ఆయన ముంగట్నే పీకు."

గుమాస్తా బడిదాకా వెళ్లాడు. గుమ్మంలో ఐలేశం నిలబడి ఉన్నాడు, వెనక సగం ఊరు నిలబడి ఉంది. ఎవరూ తప్పుకోలేదు. అతను పల్లకి ముక్కను చంకలో పెట్టుకుని వెనుదిరిగాడు.

ఆ చలికాలం పక్కూరి నుంచి ఒక రైతు స్త్రీ బండి కట్టుకుని వచ్చింది. బండిలో ఒక విరిగిన దూలం ఉంది, దాని మీదా తాత గుర్వయ్య ఉలిపనే.

"దీనిమీద నాగలి పట్టిన మనిషిని చెక్కాలె. మొగోడు గాదు, ఆడమనిషి," అంది వచ్చినామె.

"దించు," అంది సుగుణమ్మ, చీర కొంగు నడుముకు చుట్టుకుంటూ.