వేలు తీస్తే ఆడిన బొమ్మ

నేను ఒక ఎర్ర మీటను. రూపాయి బిళ్లంత ఒళ్లు, వెనక రెండు జతల తీగలు, అంతే నా ఆస్తి. అయినా రాజమండ్రిలో ఒక చిన్న చానల్లో నన్ను నొక్కితేగాని ఏడు గంటల వార్తలు మొదలయ్యేవి కావు. ఆ క్షణాన రెండు గోదావరి జిల్లాల్లో పొయ్యి మీది పులుసు కూడా ఉడకడం ఆపి వినేది. నమ్మకపోతే పులుసునే అడగండి.

పక్కగదిలో వీడియో సర్వర్ ఉండేది. ముఖ్యాంశాలు, ప్రకటనలు అన్నీ దాని కడుపులోనే. నన్ను నొక్కితే ఒక జత తీగలు కలుస్తాయి, అది బొమ్మ ఆడిస్తుంది. ఆడించానని రెండో జత మీద కబురు పంపుతుంది, నా నెత్తిన దీపం వెలుగుతుంది.

మొదట నన్ను నొక్కినవాడు సూరిబాబు. వేడి పెనాన్ని తాకినట్టు ఇలా తాకి అలా తీసేవాడు. అతను పొద్దుటి డ్యూటీకి మారాక వీరవేణి వచ్చింది. ఒద్దికైన పిల్ల. బొటనవేలితో నొక్కి, తొందరపడి వదలకూడదని ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా అలాగే పట్టుకునేది. దాంతో రోజూ వార్తల ముందు రెండు సెకన్లు తెర నల్లబడేది.

టైముకే నొక్కానని ఆమె ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మీటకి నువ్వు నచ్చలేదని సూరిబాబు ఏడిపించాడు. నాకు నోరుంటే అతని సంగతి చెప్పేవాణ్ని. మేనేజరు మాత్రం నవ్వలేదు.

"ఇయ్యాల మళ్లీ నల్లబడిందా, రేపట్నుంచి నీకు ఈ గదిలో పనిలేదమ్మా."

ఆ సాయంత్రం ఆరున్నరకు ఇంజనీరు దైవసహాయం గారు వచ్చారు. అందరూ తెర చూస్తుంటే ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆమె వేలు చూశారు. ఎంతోమంది ఇంజనీర్లను చూశాను, వేలు చూసినవాడు ఆయనొక్కడే.

"నొక్కి అట్టే ఉంచమ్మా."

ఉంచింది. ఏమీ లేదు.

"ఇప్పుడు తియ్యి."

వేలు లేచింది, బొమ్మ ఆడింది, దీపం వెలిగింది. ఇన్నాళ్లూ ఆ దీపం ఆమె వేలు ఎప్పుడు లేస్తుందా అనే కాచుకుంది పాపం.

నాకు ముందున్న మీట తీగలు ఎప్పుడూ కలిసే ఉండేవట, నొక్కితే విడిపోయేవట. అందుకే తీగలు విడిపోగానే ఆడించమని దైవసహాయం గారే సర్వర్‌లో పెట్టారు. మీటను మార్చారు, ఆ మాట మార్చలేదు. సూరిబాబు చురుకు వేలు ఆ తప్పును కప్పేసింది.

దైవసహాయం గారు ఎవరూ లేనప్పుడు దిద్దేసి ఊరుకుని ఉండొచ్చు, కానీ ఊరుకోలేదు. మేనేజర్ని పిలిపించారు.

"తప్పు ఈ అమ్మాయిది కాదండి. నాదండి."

తీగలు కలిసినప్పుడే ఆడించమని అక్కడికక్కడే మార్చారు. ఏడింటికి వీరవేణి నన్ను నొక్కి పట్టుకుంది. బొమ్మ వేలి కిందే మొదలైంది.

ఇప్పుడు మీటలతో పనిలేదు, అన్నీ కంప్యూటర్లే చూసుకుంటున్నాయి. తీగలు తెంపిన నన్ను వీరవేణి గారు తన బల్ల మీద పెట్టుకున్నారు. అవును, ఆ గదికి ఇప్పుడు ఆవిడే పెద్ద. కొత్తవాళ్ల మీద ఎవరి గొంతైనా లేస్తే చాలు, ఆవిడ బొటనవేలు నా మీద ఆనించి, ఏం చేశావో చేసి చూపించమంటారు. ఆ వేలు లేచేదాకా గదిలో ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు.