ఇరవై చుట్ల మైలు

నాకు కోపం ఎక్కువని మార్కాపురంలో అందరూ అంటారు. అబద్ధం. నాకు కోపం ఎక్కువేమీ కాదు, తెలివితక్కువ మాటలు వినే ఓపిక తక్కువ. ఆ మంగళవారం పొద్దున నా గోడౌన్‌లో జరిగిన పరుగు గురించి ఆదిశేషు మాస్టారు మాట్లాడినవన్నీ తెలివితక్కువ మాటలేనని మధ్యాహ్నం రెండింటిదాకా గట్టిగా నమ్మాను. రెండు తర్వాత ఏమైందో కూడా దాచను.

నా పేరు ఉమామహేశ్వర్లు. మాది మా తాతగారి కాలం నుంచీ పలకల వ్యాపారం. ఇప్పుడు పిల్లలు ఫోన్ల మీద వేళ్లు రుద్దుతూ అక్షరాలు నేర్చుకుంటున్నారు కాబట్టి గోడౌన్‌లో మూడొంతులు ఖాళీ. మిగిలిన వంతులో అమ్ముడుపోని అడుగు పొడుగు పలకలు కట్టలు కట్టి ఉంటాయి. ఎదురుగా శివపార్వతి నడిపే టీ హోటలు. ఊళ్లో మిగతా హోటళ్ల దగ్గర క్రికెట్ గురించో రాజకీయం గురించో కొట్టుకుంటారు. ఈ హోటలు దగ్గర మాత్రం పరుగు గురించి కొట్టుకుంటాం. నేను, శివపార్వతి, రిటైరైన వ్యాయామ మాస్టారు ఆదిశేషు. ముగ్గురిలో నేనెప్పుడూ పరిగెత్తలేదు, మోకాలు సహకరించదు. అయినా ఎవరు ఏ ఊళ్లో ఎంతలో పరిగెత్తారో నా దగ్గర నోటికి ఉంటుంది.

మా ముగ్గురికీ కలిపి ఒకటే ఆశ, వందన. తర్లుపాడు వైపు పల్లె. నాయన కోటయ్య కూలి పనులకు పోతాడు. తల్లి రాహేలు మా ఊళ్లో పలకలకు చెక్కలు బిగించే షెడ్డులో పనిచేస్తుంది. ఆ పిల్ల సాయంత్రాలు కాలేజీ గ్రౌండ్‌లో పరిగెత్తుతుంటే చూడటానికే నేను కొట్టు కట్టేసి పోయేవాణ్ణి. అనంతపురం వైపు ఒక పరుగుల అకాడమీ వాళ్లు తిండీ చదువూ పెట్టి నేర్పిస్తామని ప్రకటించారు. ఆడపిల్లలు మైలు దూరం ఐదు నిమిషాల ఇరవై సెకన్ల లోపు పరిగెత్తాలి, ఒక వ్యాయామ మాస్టారు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. సంతకమైన దరఖాస్తును ఫొటో తీసి ఫోన్‌లో పంపడానికి ఆఖరి గడువు ఆ మంగళవారం సాయంత్రం ఐదు. వచ్చే నెలకు వందనకు వయసు దాటిపోతుంది. సీటు రాకపోతే సోమవారం నుంచి తల్లితో పాటు చెక్కల పనికి రావాలని ఇంట్లో తేల్చేశారు.

అప్పుడే వాన పట్టుకుంది. ఐదు రోజులు వదల్లేదు. గ్రౌండ్‌లో మోకాలి లోతు నీళ్లు. రోడ్డు మీద పరిగెత్తిద్దామంటే రోడ్డు ఎక్కడుందో కనపడటం లేదు. అప్పుడు నేను, “నా గోడౌన్ లేదా?” అన్నాను. మార్కాపురం చరిత్రలో కప్పు కింద మైలు పరుగు అదే మొదటిది. ఆ మాట ఎవరూ ఒప్పుకోకపోయినా నేను అంటూనే ఉంటాను.

కొలత బాధ్యత కూడా నాదే. టేపు ఎందుకు? నా దగ్గర అడుగు పలకలున్నాయి. రెండువందల అరవైనాలుగు పలకల్ని స్తంభాల పక్కనుంచి నాలుగువైపులా, అంచుకు అంచు ఆనించి పరిచాను. రెండువందల అరవైనాలుగు అడుగులు ఒక చుట్టు. ఇరవై చుట్లకు ఐదువేల రెండువందల ఎనభై అడుగులు, సరిగ్గా మైలు. సెంటీమీటర్ల గొడవ లేదు. పలకల వరసకు బయటివైపు పరిగెత్తాలి, అంతే. నడుము పట్టేసింది కానీ చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు.

వందనకు తోడుగా పోలీసు సెలక్షన్లకు తయారయ్యే ఐదుగురు కుర్రాళ్లు పరిగెత్తారు. మాస్టారు ఈల వేసి గడియారం నొక్కాడు. శివపార్వతి ఫోన్‌లో వీడియో తీసింది. ఆరుగురి అడుగులకూ రేకుల కప్పు దడదడలాడింది. నలుగురు కుర్రాళ్లు వందన వెనకే ఉండిపోయారు. సాగర్ ఒక్కడే ముందు, ఐదు నిమిషాల ముప్పై ఒకటి. వందన రెండో స్థానం. మాస్టారు గడియారాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు.

“ఐదు ముప్పై ఎనిమిది,” అన్నాడు చివరికి.

వందన గోడకు ఆనుకుని కూలబడింది. ఏడవలేదు. బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుంది, అంతే. దానికన్నా ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

టీ హోటల్లో కూచోగానే మొదలైంది.

“సంతకం పెట్టు సార్,” అన్నాను. “ఇది మామూలు మైలు కాదు. చుట్టుకు నాలుగు మూలలు. ఇరవై చుట్లకు ఎనభై మలుపులు. మలుపుకు పావు సెకను తీసెయ్యి. ఇరవై సెకన్లు పోయె. ఐదు పద్దెనిమిది. అయిపాయె!”

“మలుపుకు పావు సెకనని ఎవరు చెప్పినారు?”

“నేను.”

“నువ్వెవరు?”

“గోడౌన్ నాది!”

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు. “అట్లయితే నా లెక్క విను శెట్టీ. లోపల గాలి లేదు, వాన లేదు, బురద లేదు. దానికి నేను పది సెకన్లు కలపాల. కప్పు కింద పరుగంటే పెళ్లిభోజనం మాదిరి, అన్నీ అమర్చినట్టే ఉంటాయి. అసలు పరుగంటే బయట పరిగెత్తాల.”

“నీ మొహం! రేకుల కింద ఉక్కపోత చూసినావా? ఊపిరాడక నాకే చెమటలు పట్టినాయి, నేను కూచునుంటే!”

“నీకు కూచుంటే పట్టే చెమటలకు అకాడమీ వాళ్లు సెకన్లు తగ్గించరు.”

శివపార్వతి గరిటె పట్టుకుని మధ్యలోకి వచ్చింది. “మామా, సార్, మీరు తీసేసేదీ కలిపేదీ అట్లుంచండి. నాకొక్కటి చెప్పండి. సాగర్ గ్రౌండ్‌లో ఎప్పుడు పరిగెత్తినా ఐదు నిమిషాల అయిదు సెకన్లే. ఇయ్యాల ఐదు ముప్పై ఒకటి ఎందుకొచ్చింది?”

“మలుపులు!” అన్నాను.

“వాడికి సంబంధాలు చూస్తన్నారంట,” అన్నాడు మాస్టారు. “మనసు కాళ్ల మీద లేదు.”

“ఐదుగురికీ ఒకే పొద్దు సంబంధాలు వచ్చినాయా సార్? ఐదుగురూ ఎప్పుడూ పరిగెత్తేదానికి పాతిక ముప్పై సెకన్లు వెనకబడినారు.”

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. నా వైపు అదోరకంగా చూశాడు. “శెట్టీ, నీ కొలతలో ఏదో ఉంది. స్కూలు టేపు తెప్పిస్తా. ఒకసారి పట్టి చూద్దాం.”

నాకు ఒళ్లు మండింది. నలుగురిలో నా కొలతను అనుమానించడమా! “మా తాత అమ్మినాడు, మా నాయన అమ్మినాడు, నేనమ్మినా. అడుగు పలకంటే పన్నెండు అంగుళాలు. పదమూడు కాదు, పదకొండు కాదు. టేపు పట్టుకుని నా గోడౌన్ గడప తొక్కితే నీకూ నాకూ మాటల్లేవు, చెప్తున్నా!”

“కొలిస్తే నీకొచ్చిన నష్టమేంది?”

“పరువు!”

లేచి వెళ్లి షట్టర్ దించి తాళం వేశాను. తాళంచెవి నడుముకు దోపుకుని వచ్చి మళ్లీ అదే బెంచీ మీద, మాస్టారికి వీపు తిప్పి కూచున్నాను. శివపార్వతి నాకు టీ పోయడం మానేసింది. పన్నెండైంది. ఒంటిగంటైంది. వందన బెంచీ చివర బూట్లు పట్టుకుని కూచునే ఉంది. “పెదనాయనా, నేను ఇంటికి పోనా?” అని ఒకసారి అడిగింది. “కూచో!” అని కసిరాను. ఎందుకు కూచోమన్నానో నాకే తెలీదు.

రెండింటికి రాహేలు వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర నిండా రంపపు పొట్టు. విషయం కూతురి మొహంలోనే చదువుకుంది. ఏమీ అడగలేదు. నా దగ్గరికి వచ్చి, “శెట్టిగారూ, పిల్ల పరిగెత్తిన చోటు ఒకసారి చూడొచ్చా?” అంది.

టేపుకైతే తియ్యను గానీ తల్లికి తియ్యనంటే ఎట్లా? షట్టర్ ఎత్తాను. ఇద్దరమే లోపలికి వెళ్లాం. పలకల వరస వెంబడి ఆమె నెమ్మదిగా నడిచింది. ఒకచోట ఆగి, కింద కూచుని, ఒక పలకను చేత్తో తడిమింది. తర్వాత పక్క పలకను. తలెత్తి నన్ను చూసింది.

“ఇవి చెక్కలతోనే పరిచినారా?”

“చెక్కల్లేకుండా పలక ఏంది రాహేలమ్మా?”

“అడుగు పలకంటే రాయి గదా అడుగు?” చాలా మెల్లగా అంది. బయటికి వినపడనంత మెల్లగా. “నేను రోజూ బిగించేదే. అటు అరంగుళం, ఇటు అరంగుళం. చెక్కతో కలిపితే పదమూడు.”

నేనూ వంగి ఆ పలక అంచు తడిమాను. మా వ్యాపారంలో పలక సైజు ఎప్పుడూ రాతితోనే చెప్తాం. చెక్క లెక్కలోకి రాదు. మా తాత లెక్కేయలేదు, నాయన లెక్కేయలేదు, నలభై ఏళ్లుగా నేనూ లెక్కేయలేదు. పలకకు అంగుళం చొప్పున చుట్టుకు ఇరవైరెండు అడుగులు ఎక్కువ. ఆ పిల్లతో మైలు కాదు, మైలు మీద నూట నలభై ఆరు గజాలు పరిగెత్తించాను. అదీ చాలక తాళం వేసుకుని కూచున్నాను.

రాహేలు లేచి నిలబడింది. ఆ మాట బయటికి పోయి చెప్తానని అనలేదు. నా వైపు చూస్తూ ఊరకే ఉంది. నేను నోరు మూసుకుంటే సంగతి అక్కడితో ఆగిపోయేది, నా పరువు నా దగ్గరే ఉండేది. సిగ్గుపడి చెప్తున్నాను, అరక్షణం ఆ ఆలోచన నాకు వచ్చింది. ఇంతలో ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. వేళ్ల నిండా చెక్క గీరుకున్న మచ్చలు. సోమవారం నుంచి వందన వేళ్లకూ అవే వస్తాయి.

“టేపు తేండి!” అని అరిచాను. “సార్! టేపు తెప్పించు! తప్పు నాది! నేనొక అడ్డగాడిదను!”

మాస్టారు గెంతుతున్నట్టే లోపలికి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. సంగతి విని ఒక్క నవ్వు నవ్వాడు గానీ, వెంటనే మళ్లీ మొహం ముడుచుకున్నాడు. “అయినా శెట్టీ, లెక్కేసి చెప్పిన మైలుకు సంతకం పెట్టను. కాగితం మీద మైలు ఎవరైనా పరిగెత్తుతారు. నాకు కంటికి కనపడాల.”

“ఈయన నిజాయితీ తగలెయ్య, అలిసిపోయిన పిల్ల మళ్లీ పరిగెత్తేదెట్లా?” అంది శివపార్వతి, కానీ అప్పటికే ఫోన్ బయటికి తీసింది. “కంటికే కదా? వీడియో ఉంది రండి.”

టేపు వచ్చింది. కొలిచాం. చుట్టు రెండువందల ఎనభైఆరు అడుగులు, రాహేలు మాట పొల్లు పోలేదు. అంటే మైలు పద్దెనిమిది చుట్ల మీద నూట ముప్పైరెండు అడుగులకే అయిపోయింది. అక్కడ ఏడో నెంబరు స్తంభం ఉంది. మాస్టారు దాని మీద సుద్దతో గీత గీశాడు. ఇక వీడియోలో తన ఈల వినపడగానే గడియారం నొక్కాలి, వందన ఏడో స్తంభం దాటగానే ఆపాలి.

వీడియో అంటే వీడియోనా అది! పొడుగూతా శివపార్వతి గొంతే. “రెండూ! పరిగెత్తవే తల్లీ! మూడూ! సాగర్, పక్కకు జరగరా, నీ వీపు ఎవడికి కావాల!” పదకొండో చుట్టులో బొమ్మ గిర్రున తిరిగి పొయ్యి కనపడింది. “పాలు పొంగిపోతున్నాయే!” పన్నెండో చుట్టంతా పాలే. మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. నేను వెంకటేశ్వరస్వామికి మొక్కాను, రాహేలు పక్కన కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంటోంది. పదిహేడో చుట్టులో బొమ్మకు అడ్డంగా శివపార్వతి బొటనవేలు వచ్చింది.

“వేలు తియ్యి!” అని అందరం అరిచాం, పొద్దుటి శివపార్వతికి వినపడుతుందన్నట్టు.

“పద్దెనిమిదీ!” అంది ఫోన్‌లో శివపార్వతి. వేలు ఉత్సాహానికి పక్కకు జరిగింది. సగం బొమ్మలో ఏడో స్తంభం. ఆ స్తంభం పక్కనుంచి వందన జడ ఎగురుకుంటూ దాటిపోయింది. మాస్టారు గడియారం నొక్కాడు.

ఐదు పదమూడు. మళ్లీ పెట్టాం. ఐదు పన్నెండు. మూడోసారి ఐదు పదమూడు.

అందరం గడియారం వైపే చూస్తున్నాం. వందన మాత్రం, “అయితే సార్, ఆ తర్వాత నేను పరిగెత్తిందంతా దేనికి?” అంది.

“మీ పెదనాయన పరువు కోసం,” అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

నాలుగుంబావుకు దరఖాస్తు టీ బల్ల మీద పరిచాం. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని ఐదు పదమూడు అని రాసి, సంతకం పెట్టాడు. పరిగెత్తిన స్థలం అన్నచోట ‘పలకల గోడౌన్, మార్కాపురం’ అని రాస్తూ, “అయినా చెప్తన్నా, కప్పు కింద పరుగు కప్పు కింద పరుగే. బయట పరిగెత్తినప్పుడు మాట్లాడుకుందాం,” అన్నాడు.

“మలుపుల సంగతి మర్చిపోయినావా? ఇంకా ఇరవై సెకన్లు తియ్యాల!” అన్నాను. శివపార్వతి ఇద్దరి ముందూ టీ గ్లాసులు కొట్టినట్టు పెట్టింది.

కింద ఇంకో గీత ఉంది. దూరం కొలిచినవారి పేరు, వృత్తి, సంతకం. మాస్టారు పెన్ను నా చేతికిచ్చాడు. పొద్దున్నైతే లాక్కుని మరీ పెట్టేవాణ్ణి. పెన్ను తీసుకెళ్లి రాహేలు ముందు పెట్టాను.

“నేనెందుకు శెట్టిగారూ?” అని వెనక్కి జరిగింది.

“కొలిచింది నువ్వే కదమ్మా. నేను ఊరకే పరిచినా.”

ఆమె కూతుర్ని చూసింది. తర్వాత చేతులు ఇంకోసారి కొంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాహేలు అని రాసింది. వృత్తి దగ్గర ఆగింది.

“ఇక్కడ ఏమని రాయాల?”

“పలకల పని అని రాయమ్మా,” అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపి, చెక్కల పని అని రాసింది.