మెట్లబావి మోసిన తట్ట

నేను ఒక ఇనుప తట్టను. రెండు వైపులా పిడులు, నడుమ సొట్ట, అడుగున మాటు. నా ఒంటి మీద ఇంతకు మించి గొప్పగా చెప్పుకోదగ్గదేమీ లేదు. అయినా చెప్పుకుంటాను. రాజుల కిరీటాల కథలు ఎన్నో విని ఉంటారు కదా, ఈ పూటకు ఒక తట్ట మాట వినండి, మీ సొమ్మేం పోదు.

ఒక రేకుల షెడ్డులో పాత డ్రమ్మును కోసి, సుత్తితో బాది నన్ను చేశారు. మొదట ఒక మేస్త్రీ కొనుక్కున్నాడు. అతని దగ్గర ఇసుక మోశాను, సిమెంటు మోశాను, ఎందరి ఇళ్లకో స్లాబులు వేయించాను. ఒక్కరూ గృహప్రవేశానికి పిలవలేదు. పైగా చుట్టాలు వచ్చే ముందు నన్ను ప్రహరీ అవతలికి విసిరేసేవారు. మనుషుల మర్యాదలు అలాగే ఉంటాయి.

అలా విసిరేసిన చోటే నేను సుగుణ కంట పడ్డాను. ఆమె ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైంది. గొంతు విప్పితే బస్సు చివరి సీటు దాకా వినపడాల్సిందే. ఊళ్లోని పాత కట్టడాలను కాపాడుకుందామని కొందరు కలిసి పెట్టుకున్న సంఘంలో చేరింది. కూరగాయల మార్కెట్ వెనకున్న మెట్లబావిని బాగుచేయడం వాళ్లు తలకెత్తుకున్న పని. బావి అనడమే కానీ, అప్పటికది చెత్తకుప్ప. కోడి ఈకలు, చిరిగిన పరుపులు, పగిలిన కమోడు, ఊరు వద్దనుకున్నదంతా అందులోనే ఉంది.

ప్రతి ఆదివారం పని. కింది నుంచి పైదాకా మెట్ల మీద వరసగా నిలబడి తట్టలను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకునేవారు. పక్కనే టీకొట్టు. అక్కడ కూర్చున్నవాళ్లకు మేము ఉచిత వినోదం.

"గింత కష్టపడుతున్నవ్, నీకేమొస్తది సుగుణక్కా?"

"నడుం నొప్పొస్తది. నీకు గూడ గావాల్నా?" అనేది సుగుణ, తల కూడా తిప్పకుండా.

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మేస్త్రీ దగ్గర నన్ను ఏ చేయి పట్టుకుందో నేనెన్నడూ పట్టించుకోలేదు. ఇక్కడ మాత్రం ప్రతి చేయీ గుర్తుంది. బ్యాంకు మేనేజరుది మెత్తటి అరచేయి. పూలమ్మే బుచ్చమ్మది మల్లెల వాసన. సెల్‌ఫోన్ల దుకాణం తిరుమలేశ్‌ది మరీ గుర్తు. మొదటి రోజే నా పిడి అతని అరచేయి కోసేసింది. రుమాలు కట్టుకుని మళ్లీ దిగాడు. కొన్నాళ్లకు అక్కడే కాయ కాసింది.

ఒక ఆదివారం చెత్తకు బదులు బురద వచ్చింది. ఆ తర్వాత నీళ్లు. గోడ మీద చెక్కిన ఏనుగులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సుగుణ అడుగు మెట్టు మీద కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఏడ్చింది.

"నౌకరీ జేసినన్ని దినాలు అందరి ఊర్ల పేర్లు అరిసిన. గిది నా ఊరని ఇయ్యాల అనిపిస్తుంది" అంది.

నీళ్లు చూడగానే మా ఊరికి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? వినాయక నిమజ్జనం! ట్రాక్టరు మీద ఇంత ఎత్తు ప్లాస్టరు విగ్రహం, ముందు డప్పులు. అందరికంటే ముందు ఎగురుతున్నది ఎవరు? మా తిరుమలేశే! మండపం పెద్ద అతనే మరి. ఆ విగ్రహం పడితే బావి మళ్లీ పూడినట్టే.

సుగుణ నన్ను చంకన పెట్టుకుని పై మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"జరుగక్కా. మనం తీసిన బాయే గదా! మన గణపతి మన బాయిల గాకుంటే యాడ మునుగుతడు?" అన్నాడు తిరుమలేశ్. అతని మనసులో కల్మషం లేదు. ప్రేమతోనే తెచ్చాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే.

"ఎయ్యి తమ్మీ. గని ముందుగాల గీ తట్ట పట్టుకో. గా ప్లాస్టరు, గా రంగు, గా కట్టెలు రేపటి సంది మళ్ల నువ్వే ఎత్తాలె. నేను గీడనే నిలవడి అందుకుంట. నువ్వు పూడ్సుకుంట పో, నేను తీసుకుంట పోత. ఎవలు ముందు అలుస్తరో సూద్దాం!"

డప్పులు ఆగాయి. 

అతను నన్ను అందుకున్నాడు. అరచేతిలోని కాయ నా పిడికి తగిలింది. విసిరికొడితే మళ్లీ కోసేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? అతను నా సొట్టను కాసేపు చూశాడు. తర్వాత మెట్లు దిగి, నన్ను ముంచి, నిండా నీళ్లతో పైకి తెచ్చి ట్రాక్టరు ముందు పెట్టాడు. పూజలో పెట్టిన పసుపు గణపతిని నాలోనే నిమజ్జనం చేశారు. ప్లాస్టరు విగ్రహం మునిసిపాలిటీ అందుకోసమే తవ్వించిన గుంటకు వెళ్లింది. కొందరు గొణిగారు. గొణుక్కోనీ!

చెత్త మోసిన నా ఒడిలో దేవుడు మునిగాడు. కిరీటాలను అడగండి, వాటికెప్పుడైనా ఇంత భాగ్యం దక్కిందేమో.

ఇప్పుడు సంఘం వాళ్లకు కొత్త ముచ్చట పుట్టింది. నాకు వెండి రంగు వేసి అద్దాల పెట్టెలో పెడతారట. నన్నడిగారా? నా అడుగున చిల్లి పడితే సుగుణ మాటు వేయించింది. "దీన్ని పెట్టెల పెడితే బురుజు కాడ మట్టి ఎవలు మోస్తరు, మీ అయ్యనా?" అని కసిరింది. పాత కోట బురుజు కాడ పని మొదలైంది మరి.

టీకొట్టు వాళ్లు ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నారు, "నీకేమొస్తది?" అని. మీకూ అడగాలని ఉంటే ఆదివారం పొద్దున బురుజు దగ్గరికి రండి. నా ఒక పిడి సుగుణ పట్టుకుని ఉంటుంది. రెండోది పట్టుకుని అడగండి.