తెర మీద కొవ్వొత్తులు

అంగన్‌వాడీ గదిలో ఆ రోజు బియ్యం మూటలు పక్కకు జరిపి, బల్ల మీద కంప్యూటరు పెట్టారు. తెర మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పిల్లలు కంప్యూటరుకు తగిలించిన గొట్టంలోకి ఊదితే అవి ఒక్కొక్కటే ఆరిపోతాయి.

హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు జయశ్రీ తల్లులకు ముందే చెప్పింది. ఏ జబ్బూ లేని చిన్నపిల్లల ఊపిరి ఎంత ఉంటుందో తెలిస్తేనే, జబ్బు పిల్లలకు ఎంత తగ్గిందో తెలుస్తుందట. అందుకని ఎన్నడూ ఆయాసం రాని పిల్లలే కావాలంది. కమల తన నాలుగేళ్ల కూతురు శ్రీవాణిని అందరికంటే ముందు కూర్చోబెట్టింది. అది ఆమె ఎవరితోనూ చెప్పుకోని గర్వం.

దాని వెనక పాత భయం ఉంది. చిన్నప్పుడు ఊపిరాడనియ్యని డబ్బ జబ్బు వచ్చి పక్కలు ఎగరేస్తుంటే, కమలకు కొడవలి కాల్చి సురుకులు పెట్టారు. తమ్ముడికీ పెట్టారు. వాడు బతకలేదు. పెళ్లయిన కొత్తలో నాగప్ప ఆమె పక్కటెముకల మీది పొడుగాటి మచ్చలు తడిమి, మన పిల్లలకు ఈ పని ఎవరినీ చేయనియ్యనని మాట ఇచ్చాడు. గద్వాలలో అత్తవారి మగ్గాల ఇంట్లో ఆమెకు తనదనిపించింది ఆ మాట ఒక్కటే.

"ఊపిరి గట్టిగ తీసుకో బిడ్డా," అంది జయశ్రీ.

శ్రీవాణి గొట్టం అందుకోలేదు. తెర మీది మంటలను చూస్తూ గౌనును పొట్టకు అదిమి పట్టుకుంది.

"తీసుకుంట. తీసుకుంటే సురుకు పెట్టరు గద?"

ఎవరు పెట్టారని జయశ్రీ మెల్లగా అడిగింది.

"అవ్వ. పసుపుకొమ్ము కాల్చి పెట్టింది. నాయిన చేతులు పట్టుకున్నడు." తల్లి వైపు చూసి గొంతు తగ్గించింది. "అమ్మకు చెప్పొద్దన్నరు."

జయశ్రీ గౌను పైకెత్తితే, కింద గుండ్రటి చిన్న మచ్చలు. కమలకు తెలిసినవే. నిరుడు తన తల్లి ఆపరేషనుకు వనపర్తి దవాఖానలో ఉండి తిరిగొచ్చేసరికి పచ్చిగా ఉన్నాయి. మిర్చీలు వేస్తుంటే నూనె చిందిందన్నాడు నాగప్ప. ఆమె స్వయంగా వెన్న రాసింది. తన మచ్చలు పొడుగు, ఇవి చుక్కలు. కాబట్టి అనుమానం రాలేదు. రాలేదా, రానియ్యలేదా? పెళ్లయిన కొత్తలో అతను ఇచ్చిన మాట నిలబడాలంటే నూనె చిందే ఉండాలి.

అత్త భీమమ్మ మీద ఆమెకు కోపం రాలేదు. భీమమ్మ ఏ మాటా ఇవ్వలేదు. పిల్ల ఎగశ్వాస చూసి నాగప్ప బెదిరిపోయి ఉంటాడు. ఆ పట్టుకున్న చేతులను కూడా ఏనాటికైనా క్షమించవచ్చు. కానీ ఏడాదిగా తన పక్కలో పడుకుని, ఎవరు గిచ్చారో, ఏం తిన్నదో అన్నీ చెప్పే పిల్ల, ఈ ఒక్కటి దాచుకుని నిద్రపోయింది. అది నేర్పింది అతనే.

శ్రీవాణి ఊదింది. కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. ఊపిరి బాగానే ఉందని, అయినా ఒకసారి ఆయాసం వచ్చింది కాబట్టి ఈ పిల్లల లెక్కలో చేర్చుకోలేమని, దవాఖానలో చూపించమని జయశ్రీ నొచ్చుకుంటూ చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి నాగప్ప మగ్గం గుంతలో ఉన్నాడు. పని ఆపి, ఏమన్నారని కూతుర్ని అడిగాడు.

శ్రీవాణి జవాబు కోసం తల్లి ముఖం వైపు చూసింది. నిరుడు ఈ చూపే తండ్రి ముఖం మీద నిలిచి ఉంటుందని కమలకు తోచింది.

"ఆడ ఏం చెప్పినవో గదే చెప్పు బిడ్డా," అంది.

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం లే నాయినా. మంచిగ ఊదిన."

నాగప్ప ముఖం తేటపడింది. మగ్గం మళ్లీ చప్పుడు చేసింది. శ్రీవాణి వచ్చి తల్లి పక్కన కూర్చుని, తండ్రికి కనబడకుండా ఆమె వేలు నొక్కింది. కమల తన చేతిని కదపలేదు.